సెలవు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.
వారమునకు సెలవు వద్దన్న నాయన
వానకెదురు చూచి వడలి నిలిచె
సెలవు కోరు కొడుకు సిస్టమ్ము ముందర
సోమవారమనుచు సుఖము మరచె

అవతారిక: అనంతపురం జిల్లాలోని నాయనకూ బెంగళూరులోని కొడుకుకూ ఆదివారం గురించి ఫోనులో తగాదా నడవగా పుట్టిన పద్యమిది. కవి అజ్ఞాతుడు. ఇద్దరి మాటా విని ఊరకుండలేని పొరుగువాడై ఉంటాడు.

ప్రతిపదార్థం: వారమునకు సెలవు = ఏడు దినాలకొక దినం పని మానడం; వద్దన్న = 'చెనిక్కాయకు ఆదివారమేందిరా' అని గద్దించిన; వానకెదురు చూచి = విత్తే పదును కోసం మబ్బును కనిపెట్టుకొని; వడలి = ఎండి (చేనో, తానో పాఠకుల ఇష్టం); నిలిచె = పని లేక ఉండెను; సుఖము మరచె = ఆదివారం సాయంత్రానికే మొహం మాడ్చుకొనెను.

పాఠాంతరం: 'సిస్టమ్ము ముందర' అన్నచోట పెనుకొండ ప్రతిలో 'షిఫ్టులో నుండియు' అని ఉంది. 2019లో అక్కడి ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక చేరిన పాఠం కావచ్చు. యతికి భంగం లేదు.

అలంకారం: విరోధాభాసం. సెలవు వద్దన్నవాడికి పని లేదు, కావాలన్నవాడికి సెలవు దక్కలేదు.

పూర్వపక్షం: 'మా కాలంలో సెలవు మాటే ఎరగం, ఈ కాలం పిల్లలకు ఒళ్ళు వంగదు' అని నాయన మతం. ఈ మతానికి పెద్ద ఆచార్యులే ఉన్నారు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025లో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ ఆదివారాన్నీ కలిపి 90కి తీసుకుపోయారు. 48 గంటలు, వారానికొక సెలవు అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే సూత్రం రాసి పెట్టింది. భాష్యకారులు మూలం చదివి తీరాలని నియమమేమీ లేదు కదా!

సిద్ధాంతం: ఇక్కడ ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల చిల్లర. బోరు లేని చేలో ఏడాదికొకటే పంట, అదీ నాలుగు నెలల లోపు. పదునైన నాడు ఆదివారమైనా, ఇంట్లో పెళ్ళయినా గొర్రు కట్టాల్సిందే. ఆలస్యమైతే తడి ఆరిపోతుంది. కాయ కళ్ళం చేరాక మళ్ళీ వానదాకా ఆ చేలో పనేముంది? వారానికొక సెలవు ఎరగని నాయనకు ఏటా సగం సంవత్సరం ఆకాశమే సెలవిచ్చింది. దానికి కూలి లేదు, తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం ఆగలేదు. అందుకే కొందరు మూట సర్దుకొని బెంగళూరు బస్సెక్కారు. ఏడాదికి ఇంటికి 100 రోజుల పని చూపేలా నాడు తెచ్చిన ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొట్టమొదట ఈ జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభించారంటే ఊరికే కాదు. నాయన ఎరిగిన సెలవు పస్తుకు దగ్గరి చుట్టం. కొడుకు అడిగే సెలవుకు జీతముంది. కష్టజీవి, సోమరి అని ఇద్దరికీ పేర్లు పెట్టేముందు ఈ లెక్క చూడాలి. కొడుకునూ మరీ వెనకేసుకు రానక్కరలేదు. జీతమిచ్చే సెలవునాడు కూడా ఫోను దిండు కిందే పెట్టుకుంటాడు.

దోషవిచారం: నాలుగు పాదాల్లోనూ తల్లి లేదు. కలుపు తీసిందీ, ఎనుము పాలు పిండిందీ ఆమె. చేలో పని లేని నెలల్లో విత్తనానికి కాయలొలిచిందీ ఆమే. కొడుకు ఆదివారం ఊరికొస్తే ఓళిగలు చేయాల్సిందీ ఆమే. పైన చెప్పిన పూర్వపక్షం, సిద్ధాంతం రెండూ ఆమె దగ్గర చెల్లవు. ఆటవెలదిలో ఐదో పాదానికి చోటు లేదని కవి తప్పించుకోజూస్తే ఒప్పుకోకండి. సీసంలో రాయమనండి.