పక్క సీటు పట్టా

టోక్యోలో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. గజం స్థలం కొనే తాహతు ఏనాడూ రాలేదు గానీ, అక్కడ నాకంటూ ఒక ఆస్తి మాత్రం ఉండేది. వెడల్పు దాదాపు 46 సెంటీమీటర్లు. వెనక మెత్త, కింద హీటరు, పైన ఏసీ. రైల్లో నా పక్క సీటు. రైలుతోపాటు కదులుతుంది కాబట్టి చరాస్తి అనాలో, ఏ రైలెక్కినా నా పక్కనే ఉంటుంది కాబట్టి స్థిరాస్తి అనాలో లాయర్లే తేల్చాలి. చెక్కుబందీ మాత్రం తడుముకోకుండా చెప్పగలను: తూర్పున నేను, పడమట స్టీలు కడ్డీ, ఉత్తరాన కిటికీ, దక్షిణాన నిలబడి ఉన్న జపాను ప్రజలు.

ఈ ఆస్తికి రిజిస్ట్రేషన్ ఖర్చుల్లేవు, పాసుపుస్తకం కోసం తిరగక్కర్లేదు. కబ్జా భయం అసలే లేదు. కూర్చోగానే దఖలు పడిపోతుంది. పరదేశీ ముఖం ఒక్కటే అర్హత. అక్కడ మనలాంటివాళ్లను 'గైజిన్' అంటారు. బయటి మనిషి అని అర్థం. రైలు లోపల కూర్చున్నా బయటి మనిషే.

ఈ పట్టా ఎలా మంజూరవుతుందో ఒకసారి దగ్గర్నుంచి చూడండి. రాత్రి తొమ్మిదిన్నర. ఏడుగురు కూర్చునే పొడవాటి బెంచీలో ఆరుగురం ఉన్నాం. ఖాళీ నా పక్కన. ఒటెమాచి స్టేషన్లో తలుపు తెరుచుకుంది. నల్ల సూటు, బట్టతల, చేతిలో బ్రీఫ్‌కేసు. పొద్దుట్నుంచి పనిచేసి కాళ్లు పీక్కుపోతున్న మనిషి కోడిపిల్లను చూసిన డేగలా ఆ ఖాళీ వైపు దూసుకొచ్చాడు. రెండడుగుల దూరంలో నా ముఖం కనబడింది. బ్రేకు పడింది. చేతి గడియారం చూసుకున్నాడు, సీట్లో కూర్చోవడానికి ఏదో ముహూర్తం ఉన్నట్టు. తర్వాత పైనున్న పట్టీ పట్టుకుని, ఎదురుగా కనబడ్డ ప్రకటన చదవడం మొదలుపెట్టాడు. ఒంటిమీద వెంట్రుకలు తీసే క్లినిక్కుది. ఆరు స్టేషన్లు దాటేదాకా ఆ బట్టతలాయన ఆ ప్రకటనే చదివాడు.

మేముండే నిషికసాయి అంటే టోక్యోలో మనవాళ్ల కూకట్‌పల్లి అనుకోండి. 2000 ప్రాంతంలో కంప్యూటర్ల తేదీలు తికమకపడతాయని ప్రపంచం బెంబేలెత్తినప్పుడు వచ్చి స్థిరపడ్డ ఇంజనీర్లతో మొదలై, ఇప్పుడు ఇడ్లీపిండికీ కరివేపాకుకూ కొదవలేని పేట అయింది. ఆదివారం నలుగురు తెలుగువాళ్లు చేరితే నా ఆస్తి గురించి గోష్ఠి జరిగేది. అందరికీ తలొక ఆస్తి ఉంది మరి.

"కోపం కాదండీ, ఇంగ్లీషంటే భయం. పక్కన కూర్చుంటే ఎక్కడ దారి అడుగుతామోనని హడలు," అనేవాడు నెల్లూరు మిత్రుడు. ఆరేళ్లలో నేనెవర్నీ దారి అడిగిన పాపాన పోలేదు. పైగా 'అరిగాతో' అని ఒక్కమాట అంటే చాలు, "అబ్బ, జపనీస్ ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!" అని చప్పట్లు కొట్టినంత పని చేస్తారు. ఆ మెచ్చుకోలు కూడా నిలబడే చేస్తారు.

"గౌరవమండీ అది. మనకి ఇరుకవుతుందని," అనేవాడు ఇంకో పెద్దమనిషి. ఈ గౌరవం నాకు కొత్త కాదు. మా తాతగారి రోజుల్లో మా ఊరి టీకొట్టులోనూ కొందరికి ఇలాంటి గౌరవమే ఇచ్చేవారు. వాళ్లకని విడిగా గ్లాసు పెట్టి, చూరుకింద వేలాడదీసేవారు. ఇంకెవరూ ఎంగిలి చెయ్యకుండా ఎంత శ్రద్ధ!

మా ఆవిడది శాస్త్రీయ దృక్పథం. "మీ కోటు ఇంగువ వాసనొస్తోందేమో," అంది. సబ్బు మూడుసార్లు మార్చాం. కోటు లాండ్రీకి తిరిగీ తిరిగీ రంగు వెలిసింది. ఆఖరికి ఇంగువ మానేశాం. పప్పుచారు రుచి పోయింది, సీటు మాత్రం నిండలేదు.

ఆఫీసులో ఒక జపాను మిత్రుణ్ణి అడిగితే, "మావాళ్లు ఎవరి పక్కనా కూర్చోరండీ, అంచు సీట్లంటే ప్రాణం," అన్నాడు. సగం నిజమే. అంచు సీటు ఖాళీ అయితే పక్కసీటులోవాడు పిల్లిలా అటు జరగడం నేనూ చూశాను. కానీ సాఫ్టువేరువాణ్ణి కదా, లెక్క చూడకుండా ఉండలేను. బెంచీలో రెండు ఖాళీలుంటాయి. ఒకటి ఇద్దరు జపానువాళ్ల మధ్య, ఇంకొకటి నా పక్కన. మొదటిది నిండుతుంది, నాది మిగులుతుంది. కొన్నాళ్లకి లెక్కపెట్టడం మానేశాను. ఫలితం ముందే తెలిసిన పరీక్ష ఎన్నిసార్లని రాస్తాం?

ఇన్ని సిద్ధాంతాలు విన్నాక అసలు విషయం అర్థమైంది. జపానులో వివక్ష లేదు. ఉన్నది మొహమాటం. ఆ మాట కనిపెట్టిన ఘనత మనదే అయినా దాన్ని రైలెక్కించినవాళ్లు వాళ్లు. ఎవరూ పల్లెత్తు మాటనరు, లేవమనరు, నెట్టరు. మొహమాటపడి నిలబడతారు. కేసు పెడదామంటే ముద్దాయి ఎవరు? ఖాళీ సీటు.

ఐతే పొద్దున రద్దీలో ఈ ఆస్తి చెల్లదని ఒప్పుకోవాలి. రైలు ఎంత కిక్కిరిసిందో చెప్పడానికి జపాను రవాణా శాఖ దగ్గర ముచ్చటైన కొలబద్ద ఉంది. 150 శాతమంటే దినపత్రిక హాయిగా విప్పి చదువుకోవచ్చు. 180 శాతమంటే మడతపెట్టి ఎలాగో చదవొచ్చు. 200 శాతానికి ఒళ్లూ ఒళ్లూ నలిగినా, వారపత్రికైతే తంటాలుపడి చదవొచ్చు. 250కి చెయ్యి కూడా కదలదు. నేనెక్కే టోజాయ్ లైను 2019 లెక్కల్లో 199 దగ్గర నిలిచింది. 199 శాతం దగ్గర గైజిన్ లేడు, స్వదేశీ లేడు. ఒకాయన మోచెయ్యి నా డొక్కలో, నా సంచి ఇంకొకావిడ వీపు మీద. మనుషులంతా ఒక్కటేనని మహనీయులు చెప్పిన మాట ఇన్నాళ్లూ ఎందుకు అమలు కాలేదో అప్పుడు తెలిసింది: గాలి ఆడేంత జాగా ఉండటం వల్ల.

సమానత్వానికి ఇంకో దారి మద్యం. శుక్రవారం రాత్రి పదకొండు దాటాక తూలుతూ వచ్చి నా పక్కన కూలబడి, నా భుజం మీద తలపెట్టి, నోరు తెరుచుకుని నిద్రపోయిన పెద్దమనుషులు లెక్కలేనంతమంది. ఆ దేశం నన్ను అంత ఆత్మీయంగా దగ్గరికి తీసుకున్నది ఆ రాత్రుల్లోనే.

మొహమాటం అప్పుడప్పుడు నోరు కూడా జారుతుంది. 2016 అక్టోబరులో ఒసాకా నుంచి కాన్సాయ్ విమానాశ్రయానికి వెళ్లే నాన్‌కై రైల్లో కండక్టరు మైకు అందుకుని, ఈ రోజు విదేశీయులు ఎక్కువగా ఎక్కడంవల్ల రద్దీగా ఉందనీ, జపాను ప్రయాణికులకు కలుగుతున్న అసౌకర్యానికి చింతిస్తున్నామనీ ప్రకటించాడు. విమానాశ్రయం రైల్లో విదేశీయులట! తిరుమల కొండెక్కే బస్సులో కండక్టరు లేచి, "ఇవాళ భక్తులు ఎక్కువగా ఎక్కారండీ, మిగతా ప్రయాణికులు మన్నించాలి," అన్నట్టుంది. కంపెనీ అతణ్ణి మందలించింది. తానేదో తప్పు చేశానని పాపం అతనికి తోచి ఉండదు. పదిమంది మనసులో ఉన్నది పైకి చదివాడు, అంతే.

ఇదంతా సీటు గోలే కదా, నిలబడితే అరిగిపోతామా అంటారు. నిజమే, కూర్చున్నది నేనే, నిలబడ్డది వాళ్లు. కానీ 46 సెంటీమీటర్ల దగ్గర మొదలైన మొహమాటం అక్కడే ఆగదు. 2017లో జపాను న్యాయశాఖ ఒక సర్వే ఫలితాలు బయటపెట్టింది. అంతకు ముందు ఐదేళ్లలో అద్దె ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో దాదాపు 40 శాతం మంది, విదేశీయులన్న కారణంగానే ఇల్లు దొరకలేదని చెప్పారు. ఆ సంగతి మా ఆదివారం గోష్ఠిలో చదివి వినిపిస్తే అందరూ "అన్యాయం, అన్యాయం" అన్నారు. అన్నవాళ్లలో ఇద్దరికి హైదరాబాదులో అద్దెకిచ్చే ఫ్లాట్లున్నాయి. "మీరేమిట్లండీ? నాన్‌వెజ్ వండుతారా?" అన్న రెండు ప్రశ్నలు దాటకుండా ఆ ఫ్లాట్ల తాళాలు ఎవరి చేతికీ అందవు.

ఈ ఖాళీ సీటు గురించి నాకంటే ముందే, నాకంటే ఎక్కువ ఆలోచించినవాడు ఒకాయన ఉన్నాడు. బాయే మెక్‌నీల్. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి జపాను వచ్చి స్థిరపడ్డ నల్లజాతి రచయిత. రైల్లో తన పక్కన రోజూ మిగిలిపోయే సీటును చూసి చూసి, 2012లో పుస్తకం వేశాడు. దాని పేరు 'హాయ్! మై నేమ్ ఈజ్ లోకో అండ్ ఐ యామ్ ఎ రేసిస్ట్'. జపాను మీద ఫిర్యాదు రాయడానికి కూర్చున్నవాడు ముద్దాయి బోనులో తనే ఎక్కి నిలబడ్డాడు. నాకు ఆ పద్ధతి నచ్చలేదు. వివక్ష అన్న క్రియకి కర్త ఎప్పుడూ ఎదుటివాడే అయ్యుండాలి, మనం కర్మలుగా ఉండాలి. చిన్నప్పటి వ్యాకరణం అదేగా!

మన దేశంలో ఆ గొడవే లేదు. మనది అతిథి దేవో భవ. తెల్లదొర రైలెక్కితే పక్కసీటు ఖాళీగా ఉండటం అటుంచి, ఆయన సీట్లోనే ముగ్గురం కూర్చుంటాం. ఏ దేశం, జీతమెంత, పెళ్లయిందా అని అడిగి, పులిహోర పెట్టి, సెల్ఫీ దిగి పంపిస్తాం. అతిథి నల్లగా ఉంటే మాత్రం దేవుడు కొంచెం ఆలస్యంగా కనబడతాడు. 2014లో ఢిల్లీ రాజీవ్ చౌక్ మెట్రో స్టేషన్లో ముగ్గురు ఆఫ్రికా విద్యార్థులు ప్రాణభయంతో పోలీసు బూత్‌లోకి దూరినా జనం వదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. 2016లో బెంగళూరులో అంతకు కాసేపటి ముందు ఎవరో వేరే దేశస్థుడి కారు చేసిన ప్రమాదానికి, ఏ సంబంధమూ లేని టాంజానియా విద్యార్థినిని పట్టుకుని కొట్టారు. తప్పించుకుందామని బస్సెక్కబోతే ప్రయాణికులే కిందికి నెట్టేశారని వార్తలొచ్చాయి. జపానువాళ్లు సీటు వదిలి నిలబడ్డారు. మనం బస్సే ఎక్కనివ్వలేదు.

కానీ అవన్నీ ఢిల్లీవాళ్లూ, బెంగళూరువాళ్లూ చేసిన పనులు. మన హైదరాబాదు అలాంటిది కాదు. నేనైతే బొత్తిగా కాదు, ఆరేళ్ల బాధితుణ్ణి కదా.

తిరిగొచ్చిన కొత్తల్లో ఓ సాయంత్రం మెహదీపట్నంలో మా ఆవిడా నేనూ టోలిచౌకి వెళ్లడానికి షేర్ ఆటో కోసం నిలబడ్డాం. ఒక ఆటో వచ్చి ఆగింది. వెనకసీట్లో ఒక్కడే ఉన్నాడు. టోలిచౌకి వైపు గదులు తీసుకుని చదువుకునే ఆఫ్రికా కుర్రాళ్లలో ఒకడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. మమ్మల్ని చూడగానే పక్కనున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, అంచువైపు ఒదిగి కూర్చుని, "ఆయియే భయ్యా, జగా హై," అన్నాడు.

నాకు ఉన్నట్టుండి ఫోను చూసుకోవాలనిపించింది. చూసుకున్నాను. అందులో ఏమీ లేదు. డ్రైవరు "ఎక్కండి సార్, ఎక్కండి" అని రెండుసార్లు పిలిచి, హారన్ కొట్టి వెళ్లిపోయాడు.

"అదేంటండీ, జాగా ఉందిగా?" అంది మా ఆవిడ.

"వెనకది ఖాళీగా వస్తోంది లే," అన్నాను. తర్వాత, మాట మార్చడానికి, "హిందీ ఎంత బాగా మాట్లాడాడో చూశావా!" అన్నాను.

మా ఆవిడ వెళ్లిపోతున్న ఆటోనే చూస్తూ మెల్లిగా అడిగింది:

"ఏమండీ, ఇంగువ వాసనేమైనా వచ్చిందా?"