సెట్ చేశాంలే!

ఆక్స్‌ఫర్డ్ పండితుల్ని తలుచుకుంటే జాలేస్తుంది. 1989లో ఇరవై సంపుటాల నిఘంటువు రెండో కూర్పు తెచ్చినప్పుడు 'సెట్' అనే పిసరంత క్రియకి 430 అర్థాలు తేలాయి. వాటిని వివరించడానికి సుమారు 60,000 మాటలు పట్టాయి. తర్వాత 'రన్' 645 అర్థాలతో వచ్చి దాన్ని వెనక్కి నెట్టేసింది. ఆ ఒక్క మాట మీదే పీటర్ గిలివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చున్నాడు. ఆయన అమీర్‌పేటలో ఓ పూట తిరిగి ఉంటే సెట్ ఓడిపోయేదే కాదు.

మనకి ఉద్యోగం సెట్టవుతుంది, సంబంధం సెట్టవుతుంది, ముహూర్తం సెట్టవుతుంది. చీర సెట్టవకపోతే వదిన మొహం మాడుతుంది, కోడలు సెట్టవకపోతే అత్తగారి మొహం. ఎప్‌సెట్, లాసెట్‌ల గోల వేరు. వాటిలో ర్యాంకు రాకపోయినా సీటు సెట్టవుతుంది, మేనేజ్‌మెంట్ కోటాలో. వెనకటికి సంబంధం కుదిరేది, బేరం తెగేది, రంగు నప్పేది, విరిగిన ఎముక అతుక్కునేది, ఇద్దరికి పొసగేది కాదు. ఇన్ని క్రియలు మోయలేక కాబోలు, అన్నిటినీ ఒక్క మాటకి గుత్తకిచ్చేశాం. "అప్పుడే ఫ్రిజ్‌లో పెట్టకండి, పెరుగు ఇంకా సెట్టవలేదు" అని మొన్న మా ఇంట్లోనే వినబడింది. తోడు వేసిన చెంచా ఇంకా ఆ మాటన్నావిడ చేతిలోనే ఉంది.

సరే, పెరుగుతో పేచీ లేదు. ఈ 'సెట్' అసలు ప్రతాపం ఆఫీసుల్లో చూడాలి. 'లంచమిచ్చాను' అంటే ఇచ్చినవాడుండాలి, పుచ్చుకున్నవాడుండాలి, అంకె ఉండాలి. పైగా 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి, ఇచ్చినవాడికీ ఏడేళ్ల దాకా జైలు రాసిపెట్టారు. అందుకే ఇప్పుడెవరూ లంచం ఇవ్వడం లేదు. సెట్ చేస్తున్నారు.

మా వీధి చివర ఓ పెద్దమనిషి ఇల్లు లేపాడు. ప్లానులో రెండంతస్తులు, నేల మీద నాలుగు. "అనుమతి ఎలా వచ్చింది బాబాయ్?" అంటే, సిమెంటు సంగతి చెబుతున్నంత మామూలుగా "సెట్ చేశాంలే" అన్నాడు. ఎవర్ని, ఎంతకి అని అడగబోతే "నీకు లోకం తెలీదురా" అని టీ తెప్పించాడు. నిన్న అయిదో అంతస్తుకి ఇనుము దిగింది. కమిషనర్ కొత్తవాడట, సెట్టవడానికి ఇంకో వారం పడుతుందట.