టిక్కీలో చెయ్యి పెట్టరేం?

గుంటూరు మిర్చి యార్డులో పైకాయ చూసి ధర చెప్పే వ్యాపారిని మీరెప్పుడైనా చూశారా? టిక్కీలోకి, అంటే మిర్చి బస్తాలోకి, చెయ్యి దూర్చి లోపలి నుంచి గుప్పెడు లాగుతాడు. తాలెంత, తేమెంత అని తిరగేసి మరీ చూస్తాడు. పత్తి సంగతి చెప్పక్కర్లేదు. తేమ 12 శాతం దాటిందంటే సీసీఐ కొనుగోలు కేంద్రం నుంచి బండి వెనక్కే.

ఇంత పట్టింపున్న నేల మీద, రిపేరు బల్లల మీది చవక పవర్ సప్లైకి మాత్రం ఎర్రంకెలు వెలిగితే చాలు, ఫస్టు క్లాసు. '30 వోల్టులు, 5 ఆంపియర్లు' అని మొహాన రాసుంటుంది. నాబ్ తిప్పితే 12.0 చూపిస్తుంది. దేంతో చెక్ చేశావయ్యా అంటే, దాని మీటరుతోనేనట! ముద్దాయే సాక్షి, ముద్దాయే జడ్జి. లోడు లేకుండా 12 వోల్టులు నిలబెట్టడమే ఘనతైతే, ఎత్తడానికి టిక్కీ లేనప్పుడు మా ఊళ్లో ప్రతివాడూ హమాలీయే.

మొన్న మిరపకు మందు కొట్టే అదనులో మా బ్యాటరీ స్ప్రేయరు మొరాయిస్తే పర్చూరు వైపు ఓ కొట్లో ఇచ్చాను. కుర్రాడు మోటారు వైర్లకు క్లిప్పులు తగిలించి స్విచ్చి వేశాడు. మోటారు మూలిగింది. 12 కాస్తా 5కు జారింది, పక్కన 'సీసీ' దీపం వెలిగింది.

"మోటారు పోయింది బాబాయ్, కొత్తది వెయ్యాలి."

పోయింది మోటారు కాదు నాయనా! కదిలేటప్పుడు మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. నువ్వేమో కరెంటు నాబ్ అర ఆంపియరు దగ్గర బిగించి కూర్చున్నావు. సప్లై తన హద్దులో ఆగి వోల్టేజీ దించేసింది. ఆ దీపం మొత్తుకున్నది అదే. ఇంటికి తెచ్చి వేరే బ్యాటరీకి తగిలిస్తే గిర్రున తిరిగింది.

సప్లైని అసలుగా పరీక్షించడానికి పెద్ద ఖర్చేం లేదు. 12 వోల్టుల 60 వాట్ల హెడ్‌లైటు బల్బు దాదాపు 5 ఆంపియర్లు తాగుతుంది. కరెంటు నాబ్ నిండా తిప్పి, అరగంట వెలిగించి, వేరే మల్టీమీటరుతో వోల్టేజీ చూడండి. ఆన్ చేసిన క్షణంలో ఎగిరే వోల్టేజీ మాత్రం మల్టీమీటరుకు చిక్కదు, దానికి ఆసిలోస్కోపు కావాలి. అది లేనివాళ్లు ముందు సప్లై ఆన్ చేసి, అంకె నిలబడ్డాకే ఫోను బోర్డు లాంటి సున్నితమైనవి తగిలించాలి.

కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో ఓ పాత బల్బు వేసుకెళ్లండి. కొట్టువాడు మొహం చిట్లిస్తే పక్క కొట్టు చూసుకోండి.