ట్యాగుల మేష్టారు

రోళ్ళు పగులు రోహిణీకార్తె మధ్యాహ్నమున, నరసరావుపేటలో వీధియంతయు తలుపులు మూసికొని కునుకుదీయుచుండగా, ఒక యింట మాత్రము కంప్యూటరు ఫ్యాను రొద వినవచ్చినచో, అచ్చట ట్యాగుల మేష్టారొకరు సీడీ నుండి పాటలు దింపుచున్నారని నిశ్చయింపవచ్చును. ఇట్టివారు ఊరికొక్కరైన నుందురు. బడి నుండి విరమించినవారు గావచ్చును, మిర్చి వ్యాపారము కొడుకుల కప్పగించినవారు గావచ్చును. లక్షణ మొక్కటియే: పాట వినుటకంటె దానికి పేరుపెట్టుటయందు మక్కువ.

నేనెరిగిన మేష్టారు సీడీని వ్రేలికొనలతో అంచుల పట్టి, కండువా చెంగుతో నడుమ నుండి అంచునకు తుడిచి (గుండ్రముగా తుడిచినవారిని ఆయన మనుష్యులలో జమకట్టరు), ట్రేలో నుంచి, నిద్రించు శిశువును ఉయ్యెల నుంచినట్లు మెల్లగా లోనికి త్రోయుదురు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ యను ఆయన యిష్టసాఫ్టువేరు, సెకనులో 75వ వంతు పాటి తునుకను సయితము కనీసము రెండుమారులు చదివి, ఆ చదువులు కుదిరినగాని ముందునకు సాగదు. గీత పడినచోట మరల మరల వల్లెవేయును. ఒక సీడీకి పూట పట్టినను మేష్టారికి విసుగులేదు. ముప్పదియేండ్లు బడిపిల్లలకు ఎక్కములు చెప్పిన వానికి మందగొడి శిష్యునియందు అభిమానము సహజమే గదా!

దింపుట యొక యెత్తు, ట్యాగు పెట్టుట యొక యెత్తు. ఎంపీ3 ఫైలు తోకకు గట్టు ఐడీ3 చీటి మొదట 128 బైట్లది. అందు పాటపేరునకు 30, ఆల్బమునకు 30. ఇంగ్లీషువానికి 30 బైట్లనగా 30 అక్షరములు. యూనికోడు తెలుగునకో, హల్లునకు మూడు, గుణింతపు గుర్తునకు మూడు, పొల్లునకు మూడు. పల్నాటిసీమ బిడ్డడై మేష్టారు మొట్టమొదట ‘పల్నాటి యుద్ధం’ అని వ్రాయబోగా ఆ చీటిలో ‘పల్నాటి యు’ వరకే యిమిడెను. కారెంపూడిలో నెవ్వరును ఆపజాలని యుద్ధమును 30 బైట్లు ఆపినవని ఆయన నేటికిని చెప్పుకొందురు.

పిదప చీటీలు విశాలమైనవి, చిక్కులును విశాలమైనవి. గూడవల్లి రామబ్రహ్మము ఆరంభింపగా ఎల్.వి.ప్రసాదు పూర్తిచేసిన 1947 నాటి పల్నాటి యుద్ధమొకటి, 1966 నాటి దింకొకటి. పేరొక్కటియే యగుటచే ప్లేయరు రెండింటిని ఒక్క మూటగట్టి, కన్నాంబ నాగమ్మను, భానుమతి నాగమ్మను ఒకే కొలువున కూర్చుండబెట్టెను. ఒక్క నాగమ్మకే మాచెర్ల గురజాలలు తాళజాలకపోయినవే! సంగీతభేదముల పట్టిక మరింత కంటగింపు: మొదటి పట్టికలోని ఎనుబదింటిలో పోల్కా కలదు, బుర్రకథ లేదు. షేక్ నాజర్ పల్నాటి యుద్ధము చెప్పిన గొంతును 12వ అంకె గల ‘ఇతరములు’ క్రింద వేయవలసివచ్చిన నాటి రాత్రి ఆయన అన్నము ముట్టలేదని ఇల్లాలు చెప్పినది.

మొన్న కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభ గట్టిన కుర్రవాండ్రు మూడుదినములు ముందుగా పెన్‌డ్రైవు పట్టుకొని వచ్చిరి.

“మేష్టారూ, ఓ యాభై పాత పాటలు ఎక్కించండి.”

“ఎక్కించడమేందిరా అబ్బాయ్! ఏ సంవత్సరంవో తేల్చొద్దూ?”

“ఏదైతేనేం సార్, మైకు మోత మోగితే చాలు.”

మోత యను మాటకు మేష్టారు చెవులు మూసికొనిరి. ఘంటసాల యని యొకచో, ఘంటశాల యని యొకచో, పూర్తిపేరుతో నింకొకచో నుండుటచే ఒక్క గాయకుడు ప్లేయరులో మువ్వురుగా చీలియుండెను. ఆ మువ్వురిని మరల నొక్కనిగా జేయుటకే రెండు రాత్రులు చెల్లెను. ఈలోగా ప్రభ కదలినది, ఎవరిదో సెల్‌ఫోను పాటలతో కొండ జేరినది, రాత్రంతయు వెలిగినది, తెల్లవారి విప్పబడినది. గడలు ట్రాక్టరున కెక్కించుచుండగా మేష్టారు ఎండలో నడచివచ్చి, పెన్‌డ్రైవును వారి అరచేత నుంచిరి.

“యాభై పాటలూ ఉన్నయ్. ఒక్క సున్నా గూడా తప్పు పోలేదు.”

“తిరునాళ్ళ అయిపోయింది గదా మేష్టారూ, ఇంకెక్కడ వాయిస్తాం?”

“వాయించకపోతే మానె! ఇంటికెళ్ళి పేర్లు చదువుకోండి.”