నొక్కితే వచ్చే బుద్ధి

మా అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తు బ్రూనోకి బుద్ధొచ్చింది. అదీ మూడు రోజుల్లో. ముప్పై రెండేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇంత వేగంగా ఎవరికైనా బుద్ధి రావడం నేను చూడలేదు. భిన్నాలు కూడడం ఒంటబట్టడానికే మా పిల్లలకు ఏడాది పట్టేది. అందుకే లిఫ్టులో బ్రూనో యజమాని కనిపించగానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.

బ్రూనో లాబ్రడార్. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ పొద్దున తొమ్మిదికి వెళ్ళి రాత్రి ఏడింటికి వస్తారు. ఆ పది గంటలూ బ్రూనో కూడా డ్యూటీలోనే ఉంటాడు. ఆఫీసు బాల్కనీ, పని ఎదురుచూడడం. తోచక మధ్యమధ్యలో మొరిగేవాడు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒకరు నిద్ర పట్టడం లేదన్నారు, ఒకరు మీటింగు పాడైందన్నారు, ఒకరు ఏమీ అనకుండా కోపంగా ఉన్న పసుపుపచ్చ బొమ్మ పెట్టారు. వారం తిరక్కుండా ఆన్‌లైన్లో కాలర్ వచ్చింది. మెడకు నల్లటి పట్టీ, పట్టీకి చిన్న డబ్బా, డబ్బాకి రెండు లోహపు ములుకులు. ఆ రెండూ బొచ్చు దాటి గొంతు చర్మానికి ఆనాలి, అందుకని పట్టీ బిగించి కట్టాలి. మొరిగితే దానంతటదే కొడుతుంది. మనకు కొట్టాలనిపిస్తే రిమోటు ఉంది.

"కరెంటు పెడుతున్నారా బాబూ?" అన్నాను.

"ఛ ఛ, కరెంటు కాదు మాస్టారూ. స్టిమ్యులేషన్!" అన్నాడు.

నాకు ముచ్చటేసింది. స్తంభం ముట్టుకుంటే మా ఊళ్ళో కరెంటు కొట్టేది. తడిచేత్తో స్విచ్చి వేస్తే షాకు కొట్టేది. గేటెడ్ కమ్యూనిటీలోకి వచ్చేసరికి అదే విద్యుత్తు మర్యాద నేర్చుకుని స్టిమ్యులేషన్ అయింది. మేం బెత్తాన్ని "వెదురు ప్రోత్సాహకం" అని పిలిచి ఉంటే ఎంత బాగుండేది!

ఈ పరికరం ఆకాశం నుంచి ఊడిపడలేదు, దీనికి వంశవృక్షం ఉంది. మా తాతగారి వీధిబడిలో కోదండం ఉండేది. దూలానికి తాడు, తాడుకు పిల్లవాడు. మా నాన్నగారి కాలానికి గోడకుర్చీ వచ్చింది. కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చోవాలి, బడికి ఫర్నిచరు ఖర్చు మిగులు. నా చదువంతా తొడపాశంతో గడిచింది, నా ఉద్యోగం బెత్తంతో గడిచింది. చూడండి, తరం మారినకొద్దీ శిక్షించేవాడి శ్రమ ఎలా తగ్గుతూ వచ్చిందో. అయినా మా బెత్తానికి ఒక పెద్ద లోపం ఉండేది. కొట్టాలంటే కుర్చీలోంచి లేవాలి, నాలుగు బెంచీలు దాటి నడవాలి, పిల్లవాడి ముఖం చూడాలి. ఆ ముఖం చూశాక చెయ్యి దిగిపోయిన సందర్భాలున్నాయి. భుజం నొప్పి పుట్టి మానేసిన దెబ్బలు అంతకంటే ఎక్కువ. రిమోటు ఈ లోపాలన్నీ సరిదిద్దింది. సోఫాలోంచి లేవక్కర్లేదు, ముఖం చూడక్కర్లేదు, బొటనవేలికి భుజం నొప్పి రాదు. దండం దశగుణం భవేత్ అన్నారు పెద్దలు. వారికి పదే తెలుసు. ఈ రిమోటు మీద ఒకటి నుంచి వంద దాకా అంకెలున్నాయి.

"నా చేతికి పెట్టుకుని చూశాకే వాడికి పెట్టాను మాస్టారూ. చీమ కుట్టినట్టుంటుంది, అంతే," అన్నాడాయన. న్యాయమైన మనిషి. కానీ ఆయన పెట్టుకున్నది మణికట్టుకి, బ్రూనో మెడకి కాదు. రిమోటు ఆయన రెండో చేతిలోనే ఉంది. దెబ్బ ఎప్పుడొస్తుందో తెలుసు, ఎందుకొస్తుందో తెలుసు, ఎప్పుడాగుతుందో తెలుసు. ఈ మూడూ తెలిసినవాడికి చీమ చీమే.

తెలియకపోతే ఏమవుతుందో జర్మనీలో హానోవర్ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు చూశారు. 14 బీగిల్ కుక్కలను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి కుందేలు బొమ్మను ముట్టుకున్న ఆ క్షణంలోనే షాకు. రెండో జట్టుకి రమ్మంటే రానప్పుడు. మూడో జట్టుకి ఎప్పుడు పడితే అప్పుడు, కారణం లేకుండా. లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలిచారు. మొదటి జట్టులో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు, మూడో జట్టులో అన్నిటికంటే ఎక్కువ, రెండో జట్టు దాని వెనకే. 2007లో అచ్చయిన లెక్క ఇది. నొప్పికి కారణం అంతుపట్టకపోతే ప్రాణి కుదేలైపోతుందని తాత్పర్యం. కాబట్టి కాలర్ వాడేవారు చెయ్యాల్సింది చాలా తేలిక. ప్రతిసారీ అర క్షణం కూడా తేడా రాకుండా, ఏకాగ్రతతో, రాగద్వేషాలు లేకుండా నొక్కాలి. అలాంటి యోగులు మన అపార్ట్‌మెంట్లలో ఎందరున్నారో నాకు తెలియదు గానీ, నాలుగో అంతస్తు ఆయన మాత్రం క్రికెట్ చూస్తూ నొక్కుతాడు. వికెట్ పడినప్పుడు ఎంత నొక్కాడో ఆయనకే గుర్తుండదు.

పని చేస్తుందా అంటే చేస్తుంది, నేను కాదనను. నడినెత్తిన పిడుగు పడితే ఎవరైనా చేస్తున్న పని ఆపుతారు. మాస్టారుగా నా ప్రశ్న ఒక్కటే, ఇంతకంటే సులువైన పద్ధతిలో ఇదే జవాబు వస్తుందా? ఇంగ్లండులో లింకన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ లెక్క చేసి 2014లో ప్రకటించారు. పిలిస్తే రానివీ, గొర్రెల వెంట పడేవీ 63 కుక్కలు, జట్టుకి 21. ఒక జట్టుకి కాలర్‌తో శిక్షణ. ఆ శిక్షకులు ఎవరో కాదు, కాలర్లు తయారుచేసే కంపెనీల సంఘం ఎంచి పంపినవాళ్ళు. రెండో జట్టుకి అదే శిక్షకులు, కాలర్ లేకుండా. మూడో జట్టుకి బహుమతులతో నేర్పే వేరే శిక్షకులు. మూడు జట్ల యజమానుల్లోనూ చాలామంది కుక్కలు బాగుపడ్డాయనే చెప్పారు. కాలర్ జట్టు మిగతావాటి కంటే ముందుకేమీ పోలేదు, కాకపోతే ఒత్తిడి లక్షణాలు మాత్రం వాటిలో ఎక్కువ కనిపించాయి. సొంత పెళ్ళివారే వచ్చి వండినా కూర రుచి పెరగలేదు, కారం మాత్రం పెరిగింది.

"ఏమైనా మొరగడం ఆగింది కదా, బుద్ధిగా పడి ఉంటున్నాడు," అన్నాడాయన. ఆ మాటే నన్ను పట్టుకుంది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సెలిగ్మన్, మేయర్ అనే ఇద్దరు 1967లో ప్రకటించిన ప్రయోగంలో కూడా కుక్కలు బుద్ధిగానే పడుకున్నాయి. ముందు కొన్నిటిని కదలకుండా కట్టి, ఏం చేసినా ఆగని షాకులిచ్చారు. తర్వాత వేరే పెట్టెలో పెట్టారు. అందులో చిన్న అడ్డుగోడ ఒక్కటి దూకితే షాకు ఉండదు. మామూలు కుక్కలు దూకాయి. ముందు దెబ్బలు తిన్నవాటిలో చాలావరకు దూకలేదు. కాసేపు గిలగిలలాడి, పడుకుని, మూలుగుతూ భరించాయి. శాస్త్రవేత్తలు దానికి నేర్చుకున్న నిస్సహాయత అని పేరు పెట్టారు. పాపం వాళ్ళకి తెలుగు రాదు. వస్తే బుద్ధిమంతులు అనేవారు.

మనకో సామెత ఉంది, మొరిగే కుక్క కరవదని. అందులో ఉన్న జాగ్రత్త మన పెద్దమనిషికి అర్థం కాలేదు. మొరగడం, గుర్రుమనడం కుక్క ఇచ్చే నోటీసు. "దగ్గరికి రాకు, నాకు భయంగా ఉంది" అని ముందుగా చెప్పే మర్యాద. ఆ నోటీసు ఇచ్చిన ప్రతిసారీ గొంతు మీద దెబ్బ పడితే కుక్క ఏం నేర్చుకుంటుంది? భయం పోదు, నోటీసు ఒక్కటే పోతుంది. కిందటి నెల వాచ్‌మన్ కొడుకు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. బ్రూనో ఆడుకుందామని అటు లాగాడు. ఈయన నొక్కాడు. మర్నాడూ అంతే. ఈయన దృష్టిలో తప్పు లాగడం. బ్రూనో దృష్టిలో ఆ పిల్లవాడు కనిపించినప్పుడల్లా గొంతులో నిప్పు పుడుతుంది. మూడోసారి పిల్లవాడు దగ్గరికి వస్తే బ్రూనో మొరగలేదు, గుర్రుమనలేదు, చప్పుడు లేకుండా పంట్లాం పట్టుకున్నాడు. దేవుడి దయవల్ల గుడ్డే చిరిగింది. అసోసియేషన్‌లో అందరూ ఆశ్చర్యపోయారు, "అంత బుద్ధిగా ఉండేవాడే!" అని. కుక్క కాటుకి చెప్పు దెబ్బ అనే పాత వైద్యం మనకుంది. కాటుకి ముందే దెబ్బ కొట్టి కాటు తెప్పించుకోవడం కొత్త వైద్యం.

చట్టం ఊరుకుంటుందా అని మీరడగవచ్చు. మన దేశంలో జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించే చట్టం 1960 నాటిది. అందులో కాలర్ పేరు లేదు గానీ, జంతువుకి అనవసరమైన నొప్పి కలిగించరాదని ఉంది. అనవసరమైన నొప్పి! ఎంత దూరాలోచన! అంటే అవసరమైన నొప్పి అనేదొకటి ఉందన్నమాట. అది ఏదో తేల్చేది నొప్పి పడేవాడు కాదు. మొదటి తప్పుకి చట్టంలో రాసిన జరిమానా పది రూపాయలకు తగ్గకుండా యాభై దాకా. కాలర్ తెచ్చిన కొరియర్ అబ్బాయికి ఆయన అంతకంటే ఎక్కువ టిప్పు ఇచ్చాడు.

వేల్స్ అని బ్రిటన్‌లో చిన్న దేశం ఉంది. అక్కడ 2010లో ఈ కాలర్లను నిషేధించారు. కాలర్లు అమ్మే ఒక కంపెనీ, తయారీదారుల సంఘం కలిసి హైకోర్టుకెక్కితే కోర్టు వాళ్ళ పిటిషన్‌ని ఆ ఏడాదే కొట్టేసింది. మరుసటి ఏడాది ఒకాయన తన కుక్కకి కాలర్ పెట్టినందుకు 2000 పౌండ్ల జరిమానా కట్టాడు. పక్కనే ఉన్న ఇంగ్లండు 2024 ఫిబ్రవరి 1 నుంచి నిషేధిస్తామని ముసాయిదా రాసుకుంది. ఆ ఒకటో తారీఖు వచ్చింది, వెళ్ళింది, నిషేధం రాలేదు. ఇంకో తమాషా. ఏ 2010లో వేల్స్ కుక్కలకు కాలర్ ఊడిందో, అదే 2010 ఏప్రిల్ 1న మన దగ్గర విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చి నా బెత్తం ఊడింది. బడిలో పిల్లల్ని కొట్టరాదు, మానసికంగా వేధించరాదు అని అందులో రాశారు. స్టాఫ్ రూములో మేమంతా విలవిల్లాడాం. ఇక చదువెలా చెప్పాలి అన్నాం. బ్రూనో యజమాని ఇప్పుడంటున్న ప్రతి మాటా మేం అప్పుడే అన్నాం.

రెండో దారి లేదా అంటే ఉంది, కానీ అది మరీ ఘోరం. పొద్దున్నా సాయంత్రం కుక్కను నడిపించాలి. జేబులో ఉడికించిన కోడి కార్జం ముక్కలు పెట్టుకోవాలి, పెద్దమనుషుల మధ్య ఆ వాసనతో తిరగాలి. పిలిస్తే వచ్చినప్పుడు ముక్క పెట్టాలి, మెచ్చుకోవాలి. రానప్పుడు ఎందుకు రాలేదో ఆలోచించాలి. పది గంటలు ఒంటరిగా ఉంటే ఎందుకు మొరుగుతున్నాడో ఆలోచించాలి. ఆలోచిస్తే జవాబు మన ఇంటి తలుపు దాకా వస్తుంది. బాంబులు వాసన పట్టే కుక్క అంత కష్టం చేసి తీసుకునే జీతం తరచూ ఒక రబ్బరు బంతి, పట్టుకుని లాగితే ఆడే ఒక మనిషి. బంతి చవకే. మనిషే దొరకడం లేదు.

మొన్న లిఫ్టులో మళ్ళీ కలిశారు. ఆయన తాళాల కోసం జేబులో చెయ్యి పెట్టాడు. బ్రూనో తోక కాళ్ళ మధ్య ముడిచి నేలకు అతుక్కుపోయాడు. మెడకి ఆ రోజు కాలర్ లేదు.

"చూశారా మాస్టారూ, ఇప్పుడు కాలర్ కూడా అక్కర్లేదు. ఎంత బుద్ధో!"

నాకు విజయవాడ బస్టాండు గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట అక్కడ పాత విద్యార్థి ఒకడు కనిపించి, నమస్కారమండీ అని వంగాడు. నలభై దాటినవాడు, పక్కన ఇద్దరు పిల్లలు. భుజం తడదామని చెయ్యెత్తాను. వాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. లెక్కల్లో వాడికి ఎన్ని మార్కులొచ్చేవో గుర్తు లేదు. బుద్ధిమంతుడని మాత్రం గుర్తుంది. ఐదేళ్ళలో ఒక్క డౌటు కూడా అడగలేదు.

"ఏ ఫ్లోరు మాస్టారూ?" అన్నాడాయన. ఆరు నొక్కుదామని వేలు చాపాను. నా వేలు బొత్తాం వైపు వెళ్ళడం చూసి బ్రూనో కళ్ళు మూసుకున్నాడు.

చెయ్యి వెనక్కి తీసుకుని, లిఫ్టు దిగి మెట్లెక్కాను. ఆ రోజు నుంచి మెట్లే. ఆరు అంతస్తులు, రెండు మోకాళ్ళూ నొప్పి. చట్టం దీన్నేమంటుందో గానీ, నా వరకూ ఇది అవసరమైన నొప్పే.