నక్షత్రాలు పంచే వారికి బందరు ఉప్పుగాలి విన్నపం

ఢిల్లీలోని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి సముఖానికి, మచిలీపట్నం (బందరు), చుట్టుపక్కల ఊళ్ళ వేసవి బాధితులు రాసుకున్న బహిరంగ లేఖ.

అయ్యా,

ఆకాశంలో నక్షత్రాలు పెట్టే పని బ్రహ్మది, ఏసీల మీద పెట్టే పని తమరిది. పాత ఏసీ మార్చుదామని బందరు కోనేరు సెంటరుకు బయల్దేరిన గృహస్థు బ్రహ్మ రాతకన్నా ముందు చూసేది తమరి చీటీనే. మూడు చుక్కల ఒకటిన్నర టన్నుకూ, ఐదు చుక్కల దానికీ వెలలో ఎనిమిది వేలు తేడా అనుకుందాం. చీటీ లెక్కన ఏడాదికి రెండు వందల యూనిట్లు మిగులుతాయనుకుందాం. ఆంధ్రాలో ఇంటి కరెంటు నెలకు 225 యూనిట్లు దాటాక యూనిట్ 8.75 రూపాయలు. అంటే ఏడాదికి 1,750 రూపాయలు మిగులు. ఎక్కువ పెట్టిన ఎనిమిది వేలు రాబట్టుకోవడానికి నాలుగున్నరేళ్ళు పడుతుంది. విజయవాడలో ఈ లెక్కకు ఢోకా లేదు. బందరులో నాలుగో వేసవికే అవుట్‌డోర్ యూనిట్ కాయిల్ చిల్లుపడితే ఐదు చుక్కలూ అసలు కూడా రాబట్టకుండానే రాలిపోతాయి.

చిల్లెందుకు పడుతుందో తమరికి తెలియనిది కాదు. కాయిల్లో గొట్టం రాగి, దాన్ని పట్టుకున్న రేకులు అల్యూమినియం. రెండు లోహాలు కలిసిన చోట ఉప్పు తడి చేరితే చిన్న బ్యాటరీ తయారవుతుంది. ముందు అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. వేడి బయటికి పోక కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది. ఆ తర్వాత గ్యాస్ కారడం, నింపడం, మళ్ళీ కారడం. మంగినపూడి వైపునుంచి వీచే గాలికి ఇదంతా రోజువారీ పని. గుడివాడకు చేరేసరికి ఆ గాలిలో ఉప్పు పలచబడుతుంది, దివిసీమలోని నాగాయలంకలో అంత తగ్గదు. మూడు ఊళ్ళకూ తమరి చీటీ మాత్రం ఒక్కటే.

కంపెనీల వాళ్ళు దీనికి విరుగుడుగా బ్లూ ఫిన్, గోల్డ్ ఫిన్ అని రేకులకు పూత వేసి అమ్ముతున్నారు. గోల్డ్ అన్న మాటతో బందరు వాళ్ళను మెప్పించడం కష్టం. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలు చేసిన ఊరు ఇది. పూత ఎంత మందం, కింద ఏ లోహం, చెమట తగిలితే ఎన్నాళ్ళు నిలుస్తుందని అడక్కుండా ఇక్కడ గాజు కూడా కొనరు. అదే ప్రశ్న ఏసీ షోరూములో అడిగితే వచ్చే జవాబు, రంగు బాగుంటుందండీ అని!

జపాన్‌లో ఈ ప్రశ్నకు సూటిగా జవాబు ఉంది. అక్కడి తయారీదారులు ఉప్పుగాలిని తట్టుకునే అవుట్‌డోర్ యూనిట్లను రెండు తరగతులుగా విడదీసి అమ్ముతారు. సముద్రం ఎంత దూరం, గాలి నేరుగా తగులుతుందా, మధ్యలో భవనం అడ్డు ఉందా అన్నదాన్ని బట్టి ఏది కొనాలో కేటలాగులోనే ఉంటుంది. వెల ఎక్కువే, కానీ ఆ ఎక్కువ దేనికో కొనేవాడికి తెలుస్తుంది.

ఇక మిగిలిన ఖర్చులు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పన్ను లేకుండా 32,000 ఉన్న యంత్రం మీద 3,200 రూపాయల ఊరట. ఆ సంతోషం ఇంటికి వచ్చి గోడ చూసేదాకానే. పాతది ఆర్-22 గ్యాసుది, కొత్తది ఆర్-32ది. కొత్త గ్యాసు ఒత్తిడి ఒకటిన్నర రెట్లకు పైనే, కంప్రెసర్ నూనె కూడా వేరు. గోడలో పూడ్చిన పాత రాగి గొట్టాన్ని నమ్మి బిగించడానికి మంచి మెకానిక్ ఒప్పుకోడు. పెట్టెతో వచ్చే గొట్టం సాధారణంగా మూడు మీటర్లు. ఇండోర్ కింది గదిలో, అవుట్‌డోర్ డాబా మీద ఉంటే మిగతాది మీటరు లెక్కన కొనాల్సిందే. దానికితోడు గాలివానకు ఊగని స్టాండు, తుప్పుపట్టని బోల్టులు, డ్రెయిన్ పైపు, పాత వైరింగు బరువు మోయకపోతే కొత్త వైరు, ఎంసీబీ. రాయితీ సొమ్ము గది దాటకముందే ఖర్చైపోతుంది. 2026 జనవరి నుంచి తమరు చుక్కల కొలబద్ద బిగించారు. మంచిదే, కరెంటు మిగులుతుంది. కానీ మెరుగైన కంప్రెసర్, పెద్ద కాయిల్ ఊరికే రావు కదా!

కనుక విన్నపం చిన్నది. చీటీ మీద ఏడాదికి 1600 గంటల వాడకం లెక్కన యూనిట్లు వేస్తున్నారు, ఉక్కపోత ఊళ్ళో అది చాలదు. ఆ సంగతి అలా ఉంచి, ఆ అంకె కింద ఇంకొక్క గీత గీయండి. ఉప్పు పొగలో ఉంచి చేసే పరీక్షలో ఈ కాయిల్ ఎన్ని గంటలు నిలిచిందో, తీరప్రాంతంలో కాయిల్ వారంటీ ఎన్నేళ్ళో అక్కడ అచ్చువేయించండి.

ఇట్లు,
బందరు, గుడివాడ, దివిసీమల ఏసీ యజమానులు

తా.క.: పాత ఏసీని ఎక్స్ఛేంజిలో ఇచ్చేటప్పుడు రాగికి ధర కడుతున్నారు, లోపలి గ్యాసును అడిగేవాడు లేడు. కిలో ఆర్-22 గాలిలో కలిస్తే సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ కలిసినంత వేడి. దాన్ని గాలిలోకి వదలకుండా సిలిండరులోకి పట్టే కూలి ఎవరి ఖాతాలో రాయాలో కూడా సెలవియ్యగలరు.