సన్నజడల సెలూన్ నియమాలు: టీకా తాత్పర్య సహితం

మూలం: తల కడిగి, ఆరబెట్టి, చిక్కు తీసి రావలెను. అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు. 15 నిమిషాలు దాటిన ఆలస్య రుసుము. వెంట ఎవ్వరినీ తేరాదు.

అవతారిక: అమెరికాలో నల్లజాతి స్త్రీలకు సన్నజడలు అల్లే సెలూన్లలో, ముఖ్యంగా ఇన్‌స్టాగ్రామ్‌లో బుకింగులు తీసుకునే చోట్ల, ఈ నాలుగు వాక్యాలూ మాటలు కాస్త అటూఇటూ అయినా భావం చెడకుండా దర్శనమిస్తాయి. కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయం అనవచ్చు, అల్లేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే కనుక ఆ మాట రెండు విధాలా చెల్లుతుంది.

ప్రతిపదార్థం: కడిగి = ఇంట్లోనే, సొంత షాంపూతో; ఆరబెట్టి = బ్లో డ్రయ్యరుతో ఉంగరాల జుట్టు నిటారుగా సాగేదాకా; చిక్కు తీసి = ఆ పని మాకు పెట్టక, పెడితే పైకం చెల్లించి; తిరిగి ఇవ్వబడదు = నిజంగానే ఇవ్వబడదు; ఎవ్వరినీ = పిల్లల్ని, స్నేహితురాలిని, పక్కన కూర్చుని సలహాలిచ్చే అమ్మని.

టీక: పూర్వపక్షి లేచి, "డబ్బిచ్చేవాళ్లే తల కడుక్కుని వెళ్లడమేమిటి? టిఫిను సెంటరుకు ప్లేటు తోముకుని వెళ్లినట్టుంది" అంటాడు. ఆక్షేపణ బలమైనదే. సమాధానం గడియారంలో ఉంది. నడుము దాకా బాక్స్ బ్రెయిడ్స్ అంటే నెత్తినంతా చదరాలుగా పాపిడి తీసి, చదరానికో జడ అల్లాలి. నాలుగు నుంచి ఎనిమిది గంటలు మామూలు. ఒక్క తలతోనే పొద్దు గూకే చోట కస్టమరు రాకపోతే ఆ రోజు సంపాదన పోయినట్టే. కనుక అడ్వాన్సు సూత్రం సాధువు. కడిగే సూత్రం మాత్రం షాంపూ బేసిన్ ఖర్చు తప్పించుకునే ఉపాయమని వ్యాఖ్యాత అనుమానం.

పాఠాంతరం: హార్లెంలో ఈ మూలం అంతగా చెల్లదు. న్యూయార్కు 125వ వీధిలో సబ్‌వే మెట్లెక్కి పైకి రాగానే జడలు వేస్తామంటూ పిలుస్తారు, బేరం అక్కడే. అల్లేవాళ్లలో సెనెగల్ వంటి పశ్చిమాఫ్రికా దేశాలవాళ్లు చాలామంది. దగ్గర్లోని 116వ వీధికి లిటిల్ సెనెగల్ అనే పేరే ఉంది. తొందరగా కావాలంటే ఇద్దరు ముగ్గురు ఒకే తలను పంచుకుంటారు. పైన వాళ్ల వోలోఫ్ భాషలో కబుర్లు సాగుతుంటే, అవి తన కుదుళ్ల గురించేనేమోనని కింద కూర్చున్నామెకు గుబులు. ఈ కుర్చీలో గడిచే గంటలనే చిమమండ అడీచీ తన 2013 నవల 'అమెరికానా'కు చట్రం చేసుకుంది: నాయిక జడల కోసం ప్రిన్స్‌టన్ నుంచి ట్రెంటన్‌కు రైలెక్కుతుంది. 2023లో బ్రాడ్‌వేకెక్కిన జోసెలిన్ బియో నాటకం 'జాజాస్ ఆఫ్రికన్ హెయిర్ బ్రెయిడింగ్'లోనైతే కథంతా హార్లెం సెలూన్లో ఒక్కరోజే.

విశేషం: ఈ జడల్లో సొంత జుట్టుతో పాటు సవరమూ కలుపుతారు. సవరం అనగానే తెలుగు పాఠకులకు తిరుమల తలనీలాల వేలం గుర్తొస్తుంది. విగ్గులకు, అసలు జుట్టు సవరాలకు అది నిజమే. సన్నజడల్లో కలిపేది మాత్రం ఎక్కువగా కృత్రిమ నారే. జపాన్ కంపెనీ కనెకా తయారుచేసే కనెకలాన్ అందులో ప్రసిద్ధం. కొందరికది దురద పెడుతుంది, అందుకని ముందురోజే వెనిగర్ నీళ్లలో నానబెట్టి ఉతికి తెచ్చుకుంటారు. అల్లిక ముగిశాక కొసలు విడిపోకుండా మరిగిన నీళ్లలో ముంచుతారు. అప్పుడు వీపు మీద తువ్వాలు ఉందో లేదో చూసుకోవలసింది కస్టమరే.

తాత్పర్యం: మూలంలో లేని ఐదో సూత్రం ఒకటుంది, అదే ముఖ్యం: నొప్పి. అందం కావాలంటే ఓర్చుకోవాలన్న మాట ఈ సెలూన్లలోనూ వినిపిస్తుంది, చర్మవైద్యులు ఒప్పుకోరు. బిగువుకు కుదుళ్లు ఏళ్ల తరబడి లాగబడితే నుదుటి అంచున జుట్టు రాలుతుంది. మొదట్లో మానితే తిరిగొస్తుంది, ముదిరితే రాదు. ముడి లేకుండా సొంత జుట్టుతో మొదలుపెట్టి సవరాన్ని కొద్దికొద్దిగా చేర్చే నాట్‌లెస్ పద్ధతిలో లాగుడు తక్కువ. సమయమూ ధరా ఎక్కువ. ఏ పద్ధతైనా సరే, మొదటి జడకే కణతలు లాగితే నోరు విప్పి చెప్పండి. ఒక జడ విప్పి మళ్లీ అల్లడానికి నిమిషాలు చాలు.